రెండు ప్రయాణాలు, మధ్యలో ఒక రోజు

చిలకలూరిపేట,
దసరా వెళ్లిన మర్నాడు.

సింధూ,

వచ్చే మే నెలలో అమ్మనీ నాన్ననీ సియాటెల్ పిలిపించుకుని ఓడలో అలాస్కా చూపించాలని ఉందన్నావు. ఒక వారం చాలదేమో, దిగకుండా ఇంకో వారం కూడా అదే ఓడలో ఉండిపోతే ఎట్లా ఉంటుందని అడిగావు. ఉండిపో తల్లీ. ఓడల వాళ్లు దీన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు. మీ అన్నయ్య మమ్మల్ని అట్లా తిప్పినప్పటి నుంచీ నాకు ఆ పద్ధతి మీద గురి కుదిరింది. మన వైపు నుంచి వెళ్లే పెద్దవాళ్లకు మొదటి వారమంతా ఓడ అలవాటు కావడానికే సరిపోతుంది. గది ఏ అంతస్తులో ఉంది, అన్నం ఎక్కడ పెడతారు, ఎవరిని ఏమడగాలి, ఇది మన డబ్బులో వచ్చేదేనా, విడిగా కట్టాలా అని ప్రతిదానికీ బెరుకు. ఆ బెరుకు పోయే రోజుకు సామాను సర్దుకోమంటారు. రెండో వారంలోనే మీ అమ్మానాన్నలకు అసలు సెలవు మొదలవుతుంది. నువ్వు వేసే ప్రతి లెక్కా ఆ రెండో వారం కోసం వెయ్యి.

ముందు కాలం సంగతి. పొలం ఉన్నవాడికి సెలవు ఎప్పుడో కార్తెలు చెబుతాయి. మిరప కోతలు జనవరిలో ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతాయి. కల్లంలో ఎండబెట్టి, తాలుకాయలు ఏరించి, టిక్కీలు కట్టించి, కొన్ని గుంటూరు యార్డుకు తోలి, ధర నచ్చని సరుకు ఏసీ గోదాములో పెట్టేసరికి మే వస్తుంది. యార్డుకు ఎండాకాలం సెలవులు ఇచ్చేదీ ఆ రోజుల్లోనే, ఇంచుమించు మే రెండో వారం నుంచి జూన్ రెండో వారం దాకా. మృగశిర వచ్చి నేల తడిసిందంటే మీ నాన్న పత్తి విత్తనాల కోసం తిరగాలి. ఆయన చేతిలో ఉన్నది ఆ మధ్య నెల ఒక్కటే. అలాస్కా ఓడల కాలం కూడా ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో మొదలై సెప్టెంబరు, అక్టోబరులతో ముగుస్తుంది. అక్కడి ఆగ్నేయ తీరంలో శరదృతువు కంటే మే నెలలో వానలు తక్కువ. కెచికాన్ అనే ఊళ్లో ఏడాదికి మూడున్నర మీటర్ల వాన పడుతుంది, మన గుంటూరు వానకు అది నాలుగు రెట్లు. కాబట్టి తక్కువ వాన ఉన్న నెల దొరకడం చిన్న సంగతి కాదు. మన దగ్గర రోహిణి కార్తెకు రోళ్లు పగులుతుంటే వాళ్లు స్వెట్టరు వేసుకుని మంచుగడ్డల ముందు నిలబడతారు. కరేబియన్ వైపు ఓడలు చవకగా దొరుకుతాయని ఎవరైనా చెబితే విను, కానీ అటు పోవద్దు. జూన్ 1 నుంచి అక్కడ తుపానుల కాలం లెక్కలోకి వస్తుంది. పైగా ఎండలోంచి తీసుకెళ్లి ఎండలో దింపడమే అవుతుంది.

మీ అమ్మ మాత్రం ఆవకాయ పెట్టకుండా కదలదు. మే మొదటి వారానికే కాయ తెప్పించి పెట్టించేస్తానని ఇప్పుడే మాటిచ్చెయ్యి. లేకపోతే ఆమె మనసు ఓడలో ఉండదు, ఇంట్లో జాడీ దగ్గర ఉంటుంది.

ఇక దారి. సియాటెల్ నుంచి బయల్దేరి ఏడు రాత్రుల తరవాత మళ్లీ సియాటెల్‌కే వచ్చే ఓడలు చాలా ఉన్నాయి. నీ ఇంటికి దగ్గర కాబట్టి నీ కళ్లు ముందు వాటి మీదే పడతాయి. ఒక్క వారానికైతే అవి బాగానే ఉంటాయి. రెండు వారాలు కలిపితే మాత్రం అవే రేవులు, అదే వరస మళ్లీ చూడాలి. అంతకంటే వాంకూవర్‌లో ఎక్కి ఉత్తరాన సీవార్డ్ గానీ విట్టియర్ గానీ చేరి, అదే ఓడలో తిరిగి వాంకూవర్ రావడం మేలు. వెళ్లేటప్పుడు ఒక వారం, వచ్చేటప్పుడు ఒక వారం. రేవులు కొన్ని మారేటట్టు, ఒక వారంలో హబ్బర్డ్ గ్లేసియర్, ఇంకో వారంలో గ్లేసియర్ బే వచ్చేటట్టు చూసుకో. హబ్బర్డ్ నూట ఇరవై కిలోమీటర్ల పొడవున పాకి వచ్చి సముద్రంలో మొహం పెట్టిన మంచు నది. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానం. రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి లోపలికి రానివ్వరు కనక అది అన్ని ఓడలకూ దక్కదు, టికెట్టు కొనేముందే అడగాలి. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు అటు వెళ్లినప్పుడు ఆ అఖాతం ముఖద్వారం దాకా మంచే ఉంది. ఇప్పుడు ఆ మంచు వంద కిలోమీటర్లు వెనక్కి పోయి, ఆ మేరంతా ఓడలు తిరిగే నీళ్లయింది. ఈ సంగతి మీ నాన్నకు అక్కడే, ఓడ మీద నిలబడి చెప్పు. నీళ్ల లెక్క తెలిసినవాడు, ఊరికే విని వదిలెయ్యడు.

వాంకూవర్ దారి మేలని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఓడలు దీవుల చాటున, ఇన్‌సైడ్ పాసేజ్ అనే నెమ్మదైన నీళ్లలో పోతాయి. సియాటెల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమర, బయటి సముద్రం మీద పోతాయి. కడుపులో తిప్పే స్వభావం మీ అమ్మది. పైన అలాస్కా సింధుశాఖ దాటేటప్పుడు ఎట్లాగూ కొంత ఊగుతుంది. అందుకని గది ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో తీసుకో. పై అంతస్తు బాల్కనీ గది చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఊగేదీ అదే ఎక్కువ.

ఇక్కడ ఒక చట్టం తెలుసుకోవాలి. అమెరికాలో 1886 నుంచి ఉన్న ప్రయాణికుల ఓడల చట్టం ప్రకారం, విదేశీ జెండా కట్టుకున్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని మధ్యలో దూరదేశపు రేవేదీ తాకకుండా ఇంకో అమెరికా రేవులో దింపకూడదు. పెద్ద ఓడల్లో దాదాపు అన్నిటికీ విదేశీ జెండాలే. ఎక్కిన రేవులోనే దించేటట్టయితే దగ్గరి విదేశపు రేవు తాకినా చాలు, సియాటెల్ ఓడలు వచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగేది కూడా ఆ చట్టం కోసమే. బ్యాక్ టు బ్యాక్ వెళ్లేవాళ్లను ఈ చట్టం ఇంకో రకంగా పట్టుకుంటుంది. సీవార్డ్ నుంచి వాంకూవర్‌కు ఒక టికెట్టు, అదే ఓడలో వాంకూవర్ నుంచి సియాటెల్‌కు ఇంకో టికెట్టు కొన్నావనుకో. విడివిడిగా రెండూ సబబే. కలిపితే సీవార్డ్‌లో ఎక్కి సియాటెల్‌లో దిగినట్టు లెక్క, కెనడా దూరదేశం కిందికి రాదు, ఒప్పుకోరు. వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగితే ఆ గొడవే లేదు. ఏ రెండు ప్రయాణాలు కలిపినా, విడివిడిగా కాకుండా ఒకే ప్రయాణంగా చూసినప్పుడు చెల్లుతుందా అని కంపెనీని నోటితో అడిగి, రాతలో జవాబు తెప్పించుకో.

కాగితాల్లో మొదటిది కెనడా వీసా. మీ అమ్మానాన్నలకు అమెరికా వీసా ఉన్నా కెనడా వీసా విడిగా కావాలి, అదీ ఎక్కువసార్లు వెళ్లి రావడానికి వీలైనది. నీ కారులో సరిహద్దు దాటి కెనడాలోకి వస్తారు. వాంకూవర్‌లో ఓడ ఎక్కకముందే అమెరికా అధికారులు పాస్‌పోర్టులు చూసి తమ దేశంలోకి రానిచ్చినట్టు నమోదు చేస్తారు. రెండు వారాల తరవాత మళ్లీ కెనడాలో దిగి, మళ్లీ అమెరికాలోకి వస్తారు. ఇన్ని గడపలున్నాయి కనక వేలిముద్రల పని మిరప కోతలు మొదలుకాక ముందే, అంటే డిసెంబరులోపే అయిపోవాలి. కోతలు పడ్డాక మీ నాన్నని హైదరాబాదు దాకా కదిలించడం ఎవరి వల్లా కాదు. వాళ్ల ఐ-94లో రాసిన గడువు ఓడ ప్రయాణం వల్ల పెరుగుతుందని లెక్క వేసుకోవద్దు.

పేర్ల సంగతి ఇంకా ముఖ్యం. మన వాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి కొందరికి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, కొందరికి అసలు పేరంతా ఒక్క గడిలోనే ఉంటుంది. పేరంతా ఒక్క గడిలో ఉన్నవాళ్ల అమెరికా వీసా మీద పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. రెండు ప్రయాణాలకు రెండు బుకింగులు, విమానానికి ఒకటి, బీమాకి ఒకటి. ఇన్నిట్లోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకదాంట్లో ఒక రకంగా, ఇంకోదాంట్లో ఇంకో రకంగా రాస్తే రేవులో అవస్థపడేది వాళ్లే.

బీమా తీసుకునేటప్పుడు అమెరికా నేల మీదే చెల్లేది కాకుండా సముద్రం మీదా, కెనడాలోనూ చెల్లేదేనా అని చూడు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ చేయించుకున్న ప్రతిదానికీ బిల్లు వేస్తారు, పెద్ద జబ్బుకు అది ఆసుపత్రి కాదు. మీ నాన్న షుగరు మాత్రలు, బీపీ మాత్రలు రెండు వారాలకు సరిపోయేవి, పైన ఇంకో పది రోజులవి, చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు మన చేతినుంచి తీసుకుంటే గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మధ్య రోజు. మొదటి వారం ముగిసి రెండోది మొదలయ్యే రోజు ఓడ పొద్దున ఒక పెళ్లివాళ్లు ఖాళీ చేసి మధ్యాహ్నానికి ఇంకో పెళ్లివాళ్లు దిగే కల్యాణమండపంలా ఉంటుంది. వేలమంది దిగుతారు, పక్కబట్టలన్నీ మారుస్తారు, లారీల్లో కూరగాయలూ పాలూ వస్తాయి, మధ్యాహ్నానికి కొత్త వేలమంది ఎక్కుతారు. ఆ మధ్యలో దిగకుండా ఉండిపోయే కొద్దిమందిలో మీరుంటారు. ముందు రోజు రాత్రే మీ గదికి ఒక కాగితం వస్తుంది. పొద్దున ఎన్నింటికి ఎక్కడ చేరాలి, కొత్త కార్డులు ఎప్పుడిస్తారు అన్నది అందులో ఉంటుంది. కొన్ని రేవుల్లో అందరినీ ఒకసారి కిందికి దింపి, తలలు లెక్కపెట్టి, తిరిగి ఎక్కిస్తారు. కొన్నిచోట్ల ఆ పని ఓడలోనే అవుతుంది. పాత ఖాతా ముగుస్తుంది, కొత్తది తెరుస్తారు. పాత కార్డుతో గది తలుపు తెరుచుకోదు. ఇవి ముందే చెప్పి ఉంచకపోతే, అందరూ పెట్టెలు లాక్కుంటూ దిగిపోతుంటే మనల్ని ఎందుకు ఉంచారోనని మీ అమ్మ కంగారుపడుతుంది.

అందుకే రెండు వారాలకూ ఒకే గది కావాలని పట్టుబట్టు. రెండు బుకింగులు కనక గది నంబరు రెండింట్లోనూ ఒకటే పడేటట్టు నువ్వే చూసుకోవాలి, ఆ తరవాత రెండు బుకింగులూ కలిపి నమోదు చెయ్యమని అడగాలి. గది మారాల్సి వస్తే సిబ్బంది సామాను మోసిపెడతారు, బీరువాలో తగిలించిన బట్టలు తగిలించినట్టే తీసుకెళ్తారు. అయినా మోకాళ్ల నొప్పులున్న మనిషికి కొత్త గది, కొత్త దారి అంటే సగం రోజు పోతుంది. ఒకే గదైతే దేవుడి పటం పెట్టిన చోటే ఉంటుంది, చెప్పులు విడిచిన చోటే ఉంటాయి.

ఆ రోజున ఏ టూరూ కొనొద్దు. మధ్య రేవు సీవార్డ్ అయితే అది చిన్న ఊరు. ఊళ్లోనే సముద్ర జీవుల కేంద్రం ఉంది, అందులో సీల్ జంతువులూ పక్షులూ ఉంటాయి. ఓపిక ఉంటే అది చూసి రండి, లేకపోతే ఓడలోనే ఉండండి. మీ పెద్దమ్మకు మా ప్రయాణమంతటిలో బాగా నచ్చింది ఆ పూటే. భోజనశాలలో నచ్చిన కిటికీ దగ్గర కూర్చోవచ్చు, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఎవరూ అడ్డం రారు, గిన్నెలు సర్దే పిల్లలు తీరిగ్గా మాట్లాడతారు. వాళ్లలో మన దేశం వాళ్లు చాలామంది ఉంటారు. బట్టలు ఉతికించుకోవడానికీ అదే రోజు. ఆ పూట ఖాళీగా వదిలితేనే రెండో వారానికి ఒళ్లూ మనసూ తేలిగ్గా ఉంటాయి.

తిండి. ఏడు రాత్రుల ఓడలో వంటల పట్టిక ఏడు రాత్రులకే రాస్తారు, ఎనిమిదో రాత్రి మొదటి రాత్రి భోజనమే మళ్లీ వస్తుంది. నాటకాలూ పాటలూ అంతే. దానికి విసుక్కోవద్దు. మొదటి వారంలో ఎక్కువ చూడాలని పరుగెత్తక సగం మిగుల్చుకో. భారతీయ శాకాహారం కావాలని టికెట్టు కొన్నప్పుడే రాయించి, ఎక్కిన మొదటి రాత్రే భోజనశాల పెద్దను కలిసి మళ్లీ చెప్పు. రెండు వారాలు ఉంటామని తెలిస్తే వాళ్లు ఇంకా శ్రద్ధగా చేస్తారు. ఇంట్లో చేసిన పచ్చళ్లూ పిండివంటలూ ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలు ఉన్న కారప్పొడి, కందిపొడి పొట్లాలు మాత్రం పట్టుకెళ్లండి. తేజ మిరపకాయ పండించే మనిషికి మిరియాలు చల్లిన కూర రెండు వారాలు పెడితే ఏం తింటాడు? ఆ పొడులు గదిలోనే ఉండాలి. రేవుల్లో దిగేటప్పుడు తినే వస్తువు ఏదీ చేతిలో పెట్టుకోవద్దు.

మీ నాన్న అసలు రానంటాడు, నాకు తెలుసు. సముద్రం మనకెందుకంటాడు. చీరాలకు అవతల మోటుపల్లి ఉందని గుర్తుచెయ్యి. గణపతిదేవ చక్రవర్తి 1244–45లో అక్కడ వేయించిన అభయశాసనం మన నేల మీదిదే. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. తాను అట్లా చెయ్యననీ, న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టననీ ఆయన దేశదేశాల ఓడ వర్తకులకు రాయి మీద చెక్కించి మాటిచ్చాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో ఈ నేల నేతబట్టల సన్నదనాన్ని మెచ్చుకుంటూ రాశాడు. మన పత్తి సముద్రం దాటి అప్పటికే ఎంత కాలమయిందో! మా నాయనమ్మ కాలంలో దుగ్గిరాల వైపు నుంచి కొమ్మమూరు కాలువ మీద పెదగంజాం చేరి, అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసు దాకా పడవల్లోనే పోయేవాళ్లు. నీటి ప్రయాణం మన ఇంట్లో మూడు తరాల కిందట మామూలు సంగతి.

ఒక విషయంలో మాత్రం ఆయన్ని బతిమాలొద్దు, కచ్చితంగా ఉండు. ఓడ ఎక్కిన రోజు ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే హాజరు ఉంటుంది. 2012లో ఇటలీ తీరాన కోస్టా కంకార్డియా మునిగాక, ఓడ కదలకముందే లేదా కదలగానే ఇది జరగాలని అన్ని దేశాలూ నియమం పెట్టుకున్నాయి. రెండో వారం మొదలైన రోజు మళ్లీ ఉంటుంది. మొన్ననే చూశాంగా, మళ్లీ ఎందుకని ఆయన గదిలో కూర్చుంటే ఒప్పుకోకు. 2017 నవంబరులో, కార్తీక మాసంలో, కృష్ణ మీద పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లు, పొద్దున్నే కలిసి నడిచే స్నేహితులు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్లే పడవ మునిగింది. ఆ వార్తలు మీ నాన్న నాతో కలిసే చదివాడు. ఆ పేర్లు చెబితే లేచి వస్తాడు.

ఇక్కడ చెయ్యాల్సింది నేను చేస్తాను. ఈ కార్తీకంలో వాళ్లిద్దర్నీ మాచర్ల మీదుగా విజయపురి సౌత్ తీసుకెళ్తాను. లాంచీలో నాగార్జునకొండకు ఇంచుమించు గంట ప్రయాణం, మ్యూజియం చూసి వెనక్కి. ఇక్ష్వాకుల విజయపురి ఆ నీళ్ల అడుగునే ఉంది. డ్యాము కట్టేటప్పుడు తవ్వి తీసినవాటిని కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. రిజర్వాయరులో నీళ్లు నిండుగా ఉంటే మర్నాడే నందికొండ నుంచి శ్రీశైలం లాంచీ ఎక్కిస్తాను. అది నల్లమల మధ్యన పూటంతా పట్టే ప్రయాణం. రెండు రోజులు వరసగా నీళ్ల మీద ఉంటే మీ అమ్మకు తిప్పుతుందో లేదో, మీ నాన్న ఏమీ చెయ్యకుండా ఎంతసేపు కూర్చోగలడో మనకు తెలిసిపోతుంది. మన కుడికాలువలో పారి ఆయన మిరపతోట తడిపే నీళ్లు అవే కనక, ఆయన ఎక్కువసేపే కూర్చుంటాడని నా నమ్మకం.

ఓడలో వాళ్ల వెంట ప్రతి నిమిషం ఉండకు. మొదటి వారం దగ్గరుండి అన్నీ చూపించు. జూనో దగ్గర మెండెన్‌హాల్ గ్లేసియర్, స్కాగ్వేలో కొండెక్కే పాత రైలు, ఈ రెండింటికి టికెట్లు ముందే కొను. ఆ పైన ఇంకేమీ పెట్టకు. రెండో వారం అవే రేవులు వస్తే దిగకపోయినా ఫరవాలేదు. మీ నాన్న డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే సెల్‌ఫోను చేతికివ్వకు. ఏసీలో సరుకు ధర ఏమయిందో రోజుకొకసారి, రాత్రి భోజనమయ్యాక నువ్వే చూసి చెప్పు. మే చివర్లో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. మీ అమ్మ దీపం వేళ ఎప్పుడని అడుగుతుంది, గడియారం చూసి చెప్పు.

డబ్బు గడువు కూడా గుర్తుంచుకో. మిగతా సొమ్ము సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందే కట్టెయ్యాలి, ఆ తరవాత మానుకుంటే పూర్తిగా తిరిగి రాదు. అంటే ఫిబ్రవరికల్లా మనసు ఖాయం చేసుకోవాలి. అప్పటికి మిరప రెండో కోతలో ఉంటుంది, మీ నాన్న అప్పుడు ఏదీ తేల్చి చెప్పడు. ఆయన తీరిగ్గా ఉన్నది ఈ నెలలోనే. వచ్చే ఆదివారం మన ఇంట్లోనే భోజనానికి పిలిచాను. పొద్దున పదింటికి ఫోను చెయ్యి, స్పీకరు పెడతాను. తేదీలు నువ్వు చెప్పు, మృగశిరకు ముందే ఇంట్లో ఉంటావని మీ నాన్నకు నేను చెబుతాను. పాస్‌పోర్టులు తీసుకురమ్మని మీ అమ్మకు ఇప్పటికే చెప్పాను.

మీ పెదనాన్న